దీఘాకి బావ ముందు, నేను వెనక

దీఘా చూడని వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. సైకిల్ మీద వెళ్ళి చూద్దామనుకునే వాళ్ళు మాత్రం చదవక్కర్లేదు. వాళ్ళకి నేను చెప్పగలిగేది ఒక్కటే, హౌరా నుంచి బస్సుంది.

మా సంత్రాగాఛి రైల్వే క్వార్టర్లలో రైలు వెళ్ళని ఊరిని ఎవరూ ఊరిగా లెక్కపెట్టరు. ఉచితంగా వచ్చే పాసు మీద మా వాళ్ళు పూరీ చూశారు, విశాఖ చూశారు. మా పక్కింటాయన కన్యాకుమారి దాకా వెళ్ళి వచ్చి ఇప్పటికీ ఆ కబుర్లతోనే కాలక్షేపం చేస్తున్నాడు. ఇంత దగ్గరలో ఉన్న దీఘాని మాత్రం ఒక్కరూ చూడలేదు. అప్పటికి దీఘాకి రైలు లేదు మరి. టికెట్టు కొనుక్కుని చూడాల్సిన సముద్రం మనకెందుకు అన్నట్టుండేది అందరి ధోరణి.

అలాంటి చోట ఉంటూ, నేను సైకిల్ మీద దీఘా వెళ్తానని కొన్నేళ్ళుగా చెబుతూ వచ్చాను. చెప్పడమంటే నాకిష్టం. ఖిదిర్‌పూర్ దాటాక ఉన్న రైల్వే ఆఫీసులో టైంటేబుల్ సెక్షన్ గుమస్తాని నేను. ఏ బండి ఎక్కడ ఆగాలో, ఎక్కడ దేనికి దారివ్వాలో గళ్ళ కాగితం మీద ఏటవాలు గీతలు గీయడం నా పని. జన్మలో ఒక్క బండీ నడిపిన పాపాన పోలేదు. ఆ అలవాటుతోనే దీఘా ప్రయాణానికీ ఒక చార్టు గీశాను. ఎడమ పక్కన ఊళ్ళ పేర్లు, పైన గంటలు, మధ్యలో రెండు రోజుల్లో సముద్రం చేరే చక్కని గీత. హౌరా నుంచి సముద్రం దాకా నేలంతా బల్లపరుపు కాబట్టి మొదటినుంచి చివరిదాకా ఒకే వేగం వేశాను. చార్టు ఎంత అందంగా కుదిరిందంటే, ఇక వెళ్ళకపోయినా ఫరవాలేదనిపించింది. మా ఆవిడ దాన్ని గోడకి అంటించింది, పెచ్చు ఊడిన చోటు కనపడకుండా.

నన్ను ఆ గోడ దగ్గర్నుంచి రోడ్డు మీదకి నెట్టింది మా అప్ప. అక్కని మేము అప్ప అంటాం. అప్ప మొగుడు జోసెఫ్ బావ గూడ్సు డ్రైవరు. ఆ శీతాకాలంలో కంటి పరీక్షలో తప్పాడని ఆయన్ని ఇంజను మీంచి దింపేశారు. అలా దిగిన వాళ్ళకి రైల్వే వేరే పని చూపిస్తుంది. బావకి మా యార్డులోనే, డ్రైవర్లు డ్యూటీకి వచ్చి సంతకాలు చేసే గదిలో ఒక కుర్చీ చూపించారు. ఒప్పుకుంటే చైత్రమాసంలో ఒక సోమవారం లోగా సంతకం పెట్టాలి. లేదంటే మళ్ళీ పరీక్ష చెయ్యమని అప్పీలు చెయ్యాలి. బావ రెండూ చెయ్యకుండా వరండాలో కూర్చుని తన పాత నల్ల సైకిలుకి నూనె రాస్తూ ఉండేవాడు.

అప్పీలు చెయ్యాలన్నది అప్ప పట్టుదల. డాక్టరు మిషనే చెడిపోయిందని క్వార్టర్లలో అందరికీ చెప్పింది. రెండో పరీక్ష మన మనుషుల చేత చేయిస్తానని యూనియన్ దాదా, బెంగాల్లో దాదా అంటే అన్నలెండి, మాటిచ్చాడు కూడా. డ్రైవరు పెళ్ళాంగా ఇరవై ఏళ్ళు తలెత్తుకు తిరిగిన మనిషి మా అప్ప. కుర్చీ మాట ఎత్తితే చాలు, ఆమెకి కళ్ళనీళ్ళు తిరిగేవి.

"నీ మాటయితే ఇంటాడు. ఆ దీఘాయో ఏటో, తీసుకెళ్ళు. తోవలో ఒప్పించు" అంది నాతో.

బావ నా మాట ఏనాడూ విన్నది లేదు. అయినా పొగడ్తకి నేను లొంగినంత త్వరగా ఎవరూ లొంగరు. గడువుకి ముందు గురువారానికే ముహూర్తం పెట్టేశాను.

బావ చార్టుని ముఖానికి దగ్గరగా పట్టుకుని చాలాసేపు చూశాడు. బాగానే గీశావన్నాడు. తాను ముందు తొక్కుతాడట, నేను వెనకనుంచి ఎదర ఏముందో కేకెయ్యాలట, తాను తిరిగి అంటాడట. రైలింజనులో పద్ధతి ఇదే. డ్రైవరు ఒక పక్క, అసిస్టెంటు ఒక పక్క కూర్చుంటారు. సిగ్నలు రాగానే ఒకడు దాని రంగు పైకి చెప్పాలి. రెండోవాడు తన కళ్ళతో చూసి అదే మాట తిరిగి చెప్పాలి. ఒక్కడే చెప్పిన సిగ్నలు సిగ్నలే కాదు. సైకిలుకి ఇదంతా ఎందుకని నాకు నవ్వొచ్చింది. బావకి మళ్ళీ డ్రైవరు సరదా పుట్టిందని, ఇక అప్పీలు పని సగం అయిపోయినట్టేనని సంబరపడ్డాను కూడా.

బంద్ రోజు బొంబాయి రోడ్డు

ఆ రోజు బంద్. లారీలు ఉండవని తెలిసే ఆ రోజు ఎంచుకున్నాను. నా పథకం మొత్తంలో ఫలించింది ఇదొక్కటే. బొంబాయి రోడ్డు మీద పిల్లలు వికెట్లు పాతి క్రికెట్ ఆడుతున్నారు. గోడల నిండా కొడవలి సుత్తి బొమ్మలు, వాటి కింద పిడకలు. బావ వీపు నా ముందు తలుపులా కదులుతోంది. దాని పక్కనుంచి తొంగి చూస్తూ నేను అరుస్తున్నాను.

"ఎదర క్రికెట్!"

"క్రికెట్!"

"ఎడమన ఆవు!"

"ఆవు!"

మొదట్లో సిగ్గేసింది. ధూలాగఢ్ దాటేసరికి నా గొంతు నాకే ముచ్చటేసింది. ఉలుబేరియా దగ్గర మాత్రం రోడ్డుకి అడ్డంగా బెంచీలు వేసి, ఎర్రజెండాలు కట్టి కొందరు కుర్రాళ్ళు క్యారమ్స్ ఆడుతున్నారు. మా కేకలు వాళ్ళకి దూరం నుంచే వినిపించాయి. ఒకడు అరుస్తున్నాడు, రెండోవాడు అందుకుంటున్నాడు. బంద్ రోజున బెంగాల్లో అలాంటి అరుపుకి ఒకటే అర్థం. ఆట ఆపేసి లేచి నిలబడ్డారు. ఏ పార్టీ ఊరేగింపని అడిగారు.

ఇద్దరే ఉన్నామని చూపించాను. ఊరేగింపుకి ఎంతమంది ఉండాలన్న నియమం లేదన్నాడు వాళ్ళలో కళ్ళజోడు పెట్టుకున్న దాదా. అసలు మా డిమాండు ఏమిటన్నాడు. ఏ డిమాండూ లేదన్నాను. ఆ మాట అతనికి నమ్మశక్యం కాలేదు. ఇద్దరు పెద్దమనుషులు డిమాండు లేకుండా రోడ్డున పడి అరవడం అతని అనుభవంలో లేదు. ఆ తర్వాత సైకిలు వాహనమా కాదా అన్న దాని మీద వాళ్ళలో వాళ్ళకే వాదన వచ్చింది. చక్రాలున్నాయి కాబట్టి ఆపాలని ఒకడు, కార్మికుడి బండి కాబట్టి వదలాలని ఒకడు. నేను మధ్యలో దూరి నా బెంగాలీలో ఆరోగ్యం గురించి, సముద్రపు గాలి గురించి ఉపన్యాసం మొదలుపెట్టేసరికి అనుమానం ఇంకా పెరిగింది.

బావ సైకిలు దిగి, తాను రైలు డ్రైవర్నని, ఇంజను మీద ఇలాగే అరుస్తామని రెండు ముక్కల్లో చెప్పాడు. అంతే, బెంచీలు పక్కకి జరిగాయి. మూసి ఉన్న టీ దుకాణం వెనక తలుపు తెరుచుకుంది. బంద్ రోజున బెంగాల్లో దుకాణాలు ముందువైపు మాత్రమే మూస్తారని ఆనాడు తెలుసుకున్నాను. అర్ధరూపాయి టీ, దాంతోపాటు ఊరికే ఇచ్చిన రెండు బిస్కెట్లు. కళ్ళజోడు దాదా బావ చెయ్యి పట్టుకుని ఏ ఇంజను, ఏ లైను అంటూ అన్నీ అడిగాడు. బావ అన్నిటికీ ఇంకా డ్యూటీలో ఉన్నట్టే జవాబు చెప్పాడు.

కోలాఘాట్‌లో నిలబడి తిన్న భోజనం

చార్టు ప్రకారం మధ్యాహ్నానికి కోలాఘాట్ చేరాలి. చేరేసరికి పొద్దు వాలింది. నా సీటు మీద నేను ఆరునెలలు ఆలోచించి కట్టించిన స్పాంజి మెత్త ఉంది. అది ఎటు ఒత్తకూడదో సరిగ్గా అటే ఒత్తింది. అన్నం హోటల్లో బల్ల దగ్గర కూర్చోలేక నిలబడే తిన్నాను. హోటలాయన జాలిపడి, మొలలకి మంచి ఆకుమందు ఉందని నలుగురూ వినేలా చెప్పాడు. కాదని చెప్పినకొద్దీ నలుగురూ ఎక్కువ నమ్మారు.

కోలాఘాట్ అంటే ఇలిశ్ చేప, మన పులస. కాలం కాని కాలంలో కూడా బోర్డు మీద రాసే ఉంది. తెప్పించుకుంటే ఐసులో నెలల తరబడి పడుకుని లేచిన ముక్క వచ్చింది. బెంగాలీ భోజనంలో ముందు చేదు, తర్వాత పప్పు, ఆ తర్వాత చేప, అన్నీ వరసగా, ఒకదాని జోలికి ఒకటి పోకుండా వస్తాయి. మనకి అన్నీ ఒక్కసారి ఎదురుగా లేకపోతే తిన్నట్టుండదు. బావ ఆ వరస తెంచేసి, పప్పులో చేప కలిపేసుకుని, పక్కబల్ల వాళ్ళు తల తిప్పుకునేలా భోంచేశాడు.

తిన్నాక రూప్‌నారాయణ్ నది వంతెన మీదకి నడిచాం. పక్కనే రైలు వంతెన. బావ ఎన్నో ఏళ్ళు దాని మీదుగా బండ్లు నడిపాడు. ఇదే అదను అనుకుని అప్పీలు మాట ఎత్తాను. యూనియన్ దాదా ఎంత పలుకుబడి ఉన్నవాడో, రెండో పరీక్ష ఎంత సులువో చెప్పుకుపోయాను. ఆ సమయానికి రైలు వంతెన మీదకి గూడ్సు వచ్చింది. బావ దానికేసి చూడలేదు. తల వంచుకుని, రెయిలింగ్ మీద చెయ్యి వేసి, చివరి పెట్టె దాటేదాకా విన్నాడు. అది వెళ్ళిపోయాక "పద, పడుకుందాం" అన్నాడు. నా మాట కూడా ఆ గూడ్సుతోనే వెళ్ళిపోయింది.

నందకుమార్ దగ్గర గాలి

మర్నాడు రోడ్డు దక్షిణానికి తిరిగింది. నా చార్టులో లేనిది అక్కడ ఎదురొచ్చింది. చైత్రమాసంలో పొద్దెక్కిన దగ్గర్నుంచి సముద్రం మీంచి గాలి వీస్తుంది. రైలుకి గాలి ఒక లెక్కా? ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఒక్క టైంటేబుల్లోనూ గాలికి ఒక్క నిమిషం కూడా వెయ్యలేదు నేను. నేల బల్లపరుపుగా ఉందని మురిసిపోయాను గానీ, బల్లపరుపు నేల మీద గాలిని ఆపేదెవరన్న ఆలోచన రాలేదు.

ఎదురుగా వచ్చేవాళ్ళు మాత్రం పెడలు తొక్కకుండానే వచ్చేస్తున్నారు. ఒకాయన చాపల కట్ట వెనక కట్టుకుని, చేతులు వదిలేసి బీడీ వెలిగించుకుంటూ మా పక్కనుంచి వెళ్ళాడు. వెళ్తూ వెళ్తూ, ఈ రోజుల్లో మధ్యాహ్నం పూట సముద్రం వైపు సైకిలు తొక్కేది పిచ్చివాళ్ళేనని చాలా మర్యాదగా చెప్పాడు. చార్టు ప్రకారం మేము ఆ సాయంత్రం దీఘాలో ఎండ్రకాయలు తింటూ ఉండాలి. నందకుమార్ దాటగానే నేను సైకిలు పక్కన పడేసి, ఒక తమలపాకు తోట గట్టు మీద వెల్లకిలా పడుకుండిపోయాను.

ఆ తోట హరిపద బాబుది. దాహం తీర్చి పంపేస్తాడనుకుంటే, ఆ పూట వరండాలో పడుకోమన్నాడు. ఆయన భార్య బొరుగుల్లో ఆవనూనె, పచ్చిమిరపకాయలు, కొబ్బరిముక్కలు కలిపి పెట్టింది. మన వైపు బొరుగులు పిల్లల తిండి. ఇక్కడ అదే పెద్దవాళ్ళ పూట గడిపేస్తుంది. మీ దేశం ఏది అని ఆమె అడిగింది. దేశమంటే సొంతూరు, బెంగాల్లో ఎవరు కలిసినా ముందు ఇదే అడుగుతారు. తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చాడని, నేను సంత్రాగాఛిలోనే పుట్టానని చెప్పాను. అయితే నీకు దేశం లేదన్నమాట అని నిజంగానే బాధపడి, ఇంకో గుప్పెడు బొరుగులు వేసింది.

దారి పొడవునా మేము ఒకరి తర్వాత ఒకరం ఎందుకు అరుస్తూ వచ్చామని హరిపద బాబు అడిగితే, ఇంజను పద్ధతంతా నేనే వివరించాను. నడిపినవాడు పక్కనే ఉండగా వివరించడం నా గొప్ప. వాళ్ళ ఊరి కీర్తనలో కూడా అంతేనంది ఆవిడ. ముందువాడు పాడతాడు, వెనకవాళ్ళు అందుకుంటారు. అయితే వెనకవాళ్ళలో సగం మంది వినకుండానే అందుకుంటారట. అందరం నవ్వాం. బావ నవ్వలేదు. గాలికి అలిసిపోయాడనుకున్నాను.

కాంథీ ముందర

హరిపద బాబు సలహా మీద మర్నాడు తెల్లవారుతూనే బయల్దేరాం. గాలి లేవకముందు రోడ్డు ఎంత సుఖమో అప్పుడు తెలిసింది. నర్‌ఘాట్ దగ్గర హల్దీ నది దాటాం. కాంథీ దగ్గరపడుతుంటే ఇసుక నేల మొదలై, జీడితోటలు కనిపించాయి. మా తాత ఊరు పలాస పక్కన. జీడితోట అంటే అక్కడే ఉంటుందని, ఇంకెక్కడా ఉండదని చిన్నప్పట్నుంచీ విన్నాను. ఇక్కడ అవే చెట్లు, అదే ఇసుక, అదే వాసన. మా తాత ఈ మాట వింటే ఒప్పుకునేవాడు కాడు.

ఎండ పెరిగింది. నా కేకలు నాకే వినపడనంతగా అలవాటైపోయాయి. కళ్ళు సగం మూసుకునే అరుస్తున్నాను. రోడ్డు పక్కన ఏదో నల్లగా, పొట్టిగా కనిపించింది.

"ఎడమన మేక!"

"మేక!"

మేక కాదు. జీడిగింజలు రోడ్డు అంచున ఆరబోసుకుని, పక్కనే నల్లగొడుగు కింద వంగి కూర్చున్న ముసలమ్మ. మేక అయితే అరుపుకి తప్పుకునేది. ఆవిడ తన రోడ్డు మీద తాను కూర్చుంది, తప్పుకోలేదు. బావ నేరుగా గింజల్లోకి పోయాడు. గొడుగు ఎగిరి కాలవలో పడింది. బావ పడ్డాడు, ఆయన మీద సైకిలు పడింది. ఆవిడకి ఏమీ కాలేదు. ఆ సంగతి ఆవిడ తిట్లతోనే తెలిసింది. మా ఇద్దరి వంశాలనీ, మద్రాసీలందర్నీ కలిపి తిట్టాక, చెదిరిన గింజలన్నీ ఏరి పోసేదాకా కదలడానికి వీల్లేదంది.

ఆవిడ విసిరిన చెరో బుట్టలోకి కూర్చుని ఏరడం మొదలుపెట్టాం. కూర్చోవడం నాకు ఎంత కష్టమో కోలాఘాట్ హోటలాయనకి తెలుసు. కాసేపటికి ముసలమ్మ మళ్ళీ అరిచింది, ఈసారి బావ మీదే. ఆయన బుట్టలో గింజలకంటే గులకరాళ్ళు ఎక్కువున్నాయి. నేను చూశాను. ఆయన కళ్ళతో ఏరడంలేదు. అరచేత్తో నేలని తడుముతున్నాడు.

బావే మాట్లాడాడు, తల ఎత్తకుండా.

"నువ్వు మేకన్నావు. నాను మేకన్నాను."

"పొరపాటయింది బావా. సరిగా చూడలేదు నేను."

"నువ్వు సూడలేదు, సరే. నాను సూసేనా?"

గింజలు ఏరుతూనే చెప్పాడు. ఆ శీతాకాలంలో ఒక తెల్లవారుజామున పొగమంచులో బండి నడుపుతుంటే అసిస్టెంటు కుర్రాడు పచ్చ అన్నాడట. బావ కూడా పచ్చ అన్నాడట. సిగ్నలు పచ్చగానే ఉంది. బండి క్షేమంగానే వెళ్ళింది. కానీ బావకి అక్కడ పచ్చా కనపడలేదు, ఎరుపూ కనపడలేదు, అసలు స్తంభమే కనపడలేదు.

"ఆడు మంచోడు కాబట్టి నిజం సెప్పేడు. ఆడూ నీలాగ కునుకుతూ అని ఉంటే? ఎనక బండి నిండా బొగ్గు. ఎదర స్టేషన్లో జనం. నాను కళ్ళతో సూడకుండా నోటితో అనీసేను."

బండి దిగిన మర్నాడు ఆయనంతట ఆయనే రైల్వే ఆసుపత్రికి వెళ్ళాడు. పరీక్షకి ఎవరూ పిలవలేదు. కళ్ళు చూడమని తనే డాక్టర్ని అడిగాడు. మిషను చెడిపోలేదు, డాక్టరు తప్పూ లేదు. క్వార్టర్లన్నీ నెలల తరబడి ఆ డాక్టర్ని తిట్టిపోస్తుంటే, ఈయన వరండాలో కూర్చుని విన్నాడు.

"మరి ఆ కుర్చీకి ఎప్పుడో సంతకం పెట్టేస్తే అయిపోయేది కదా?" అన్నాను.

"పెడితే మీ అప్పకి సెప్పాల. నానే ఎళ్ళి దిగిపోనానని సెప్పాల. ఆవిడ ఊరంతా డాక్టర్ని తిట్టింది నాకోసమే కదా."

ఇంజను ముందు నిలబడి భయపడనివాడు అప్ప ముందు నిలబడడానికి భయపడ్డాడు. మూడు రోజులుగా ఈయన చెవిలో నేను యూనియన్ దాదా పలుకుబడి గురించి ఊదుతున్నాను. ఏరిన గింజలు చూపిస్తే ముసలమ్మ రాళ్ళన్నీ తీసేసి, రెండు జీడిపళ్ళు మా చేతుల్లో పెట్టి పొమ్మంది.

సైకిళ్ళు లేవనెత్తాక బావ తన సైకిలుని నా వెనక్కి తెచ్చి పెట్టుకున్నాడు.

"ఇకనించి నువ్వు ముందు" అన్నాడు.

దీఘా

కాంథీ నుంచి దీఘా దాకా నేను ముందు తొక్కాను. అప్పుడు తెలిసింది నాకు, ఇంతవరకూ నేను తొక్కింది గాలిలో కాదని. అంత పెద్ద వీపు ముందుండి గాలినంతా ఆపుతుంటే, దాని నీడలో కూర్చుని గాలిని తిట్టుకున్నానన్నమాట. ఇప్పుడు అసలు గాలి తగిలింది. అడుగడుక్కీ సైకిలు వెనక్కి పోతోందేమో అనిపించింది. కొంతదూరం తొక్కాను, ఎక్కువదూరం నడిపించాను. వెనకనుంచి బావ తొందరపెట్టలేదు. గుంత వస్తే గుంత అన్నాను, కళ్ళు విప్పి చూసి మరీ అన్నాను. నేను సరిగ్గా చెప్పిన కేకలన్నీ ఆ ఒక్క పూటవే.

సరుగుడు తోటలు వచ్చాక ఇసుకలో చక్రాలు కూరుకుపోయాయి. తోట దాటితే సముద్రం. మూడోనాటి సాయంత్రం చేరాం. గళ్ళ కాగితం మీద ఎంత గొప్పగా చేరాలనుకున్నానో! చెమటతో, ఇసుకతో, కుంటుకుంటూ చేరాను. ఒడ్డున ఎండ్రకాయలు వేయించి అమ్ముతున్నారు. మమ్మల్ని చూడగానే దాదా దాదా అంటూ ధర రెట్టింపు చేశారు. బావ తెలుగులో తిట్టేసరికి సగానికి దిగింది. మద్రాసీ తిట్టుకి ఒడ్డు మీద అంత విలువుంది.

ఇద్దరం నీళ్ళలో నిలబడ్డాం. ఏం కనపడుతోందని బావ అడిగాడు. దూరంగా ఒక పడవ పోతోందని, నల్లటి తెరచాప ఉందని చెప్పాను. బావ ఆ వైపు చాలాసేపు చూశాడు.

"నాకు అగుపడటం లేదు" అన్నాడు.

బాధగా అనలేదు. బరువు దించినవాడిలా అన్నాడు. మీ అప్పకి నువ్వే చెప్పరా, నా వల్ల కాదన్నాడు. సరేనన్నాను. నాకైతే ఆ క్షణాన అప్పకి చెప్పడం కంటే దీఘా నుంచి మళ్ళీ తొక్కుకుంటూ వెనక్కి వెళ్ళడమే నయమనిపించింది. గాలి కూడా అప్పుడు నా వైపే ఉండేది. కానీ సోమవారం దగ్గరపడింది. సైకిళ్ళు బస్సు మీద వేసుకుని వచ్చేశాం.

సంత్రాగాఛి

బస్సులో అంతసేపూ ఒక ఉపన్యాసం తయారుచేసుకున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో కూడా అనుకున్నాను. అప్ప వంటింట్లో చేపలు తోముతోంది. బావ వరండాలోనే ఆగిపోయాడు, సైకిలు మీది ఇసుక తుడుస్తూ.

నన్ను చూడగానే అప్ప, ఒప్పుకున్నాడా అని అడిగింది. నా ఉపన్యాసంలో ఆ ప్రశ్నకి చోటులేదు. నేలకేసి చూస్తూ ఉన్నదున్నట్టు చెప్పేశాను. పొగమంచు, పచ్చ సిగ్నలు, ఎవరూ పిలవకుండా ఆయన ఆసుపత్రికి వెళ్ళడం. అప్ప చేతిలో చేప అలాగే ఉండిపోయింది. తిడుతుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను. డాక్టరు గురించి, దాదా గురించి ఒక్క మాటా అడగలేదు.

"తోవలో ముందెవరు తొక్కేరు?" అంది.

"కాంథీ దాకా బావ. అక్కణ్ణించి నేను."

"నువ్వు అడిగేవా, ఆయనిచ్చేడా?"

"ఆయనే ఇచ్చాడు."

అప్ప చేప పళ్ళెంలో పెట్టింది. చేతులు కడుక్కుంది, కొంగుతో తుడుచుకుంది. ఆ కొంగే ఒకసారి ముఖానికి అద్దుకుంది. వరండాలోకి వెళ్ళి మెట్టు మీద బావ పక్కన కూర్చుంది. బావ గుడ్డ ఆపాడు గానీ తల ఎత్తలేదు. నేను తలుపు దగ్గరే నిలబడిపోయాను. ఆ ఇద్దరి మధ్యకి వెళ్ళే ధైర్యం నాకు లేదు.

"సోమవారం నానూ వస్తాను" అంది అప్ప. "ఆ కుర్చీ కిటికీ పక్కన ఏయించాల. అక్కడ వెలుతురు ఎంతుందో నాను సూడాల."